గడప దాటని సినిమా

హిందీ సినిమా ఏ తెర మీద ఆడితే మనకేమిటి అనే ప్రశ్న ఈ పత్రిక పాఠకుల్లో కొందరికైనా రావచ్చు. గృహహింస కేసులు, పని ప్రదేశాల్లో వేధింపులు, భూమి హక్కులు, ఉపాధి హామీ కూలి బకాయిలు - మన ముందున్న పనే తరగనంత ఉంది. అయినా ఈ విషయం మాట్లాడుకోవలసిందేనని నేను అనుకుంటున్నాను. గత పదేళ్లలో ఇంటి చాకిరీ గురించి, భార్యను కొట్టడం గురించి, స్త్రీల లైంగికత గురించి హిందీలో వచ్చిన చెప్పుకోదగ్గ కథల్లో చాలా భాగం సినిమా హాలుకు రాలేదు. నేరుగా ఇంట్లో టీవీలోకి, చేతిలో ఫోనులోకి వచ్చాయి. దీన్ని స్త్రీలు సాధించిన విజయంగా చాలామంది లెక్కవేశారు. విజయమే, కాని సగమే. ఇంట్లోకి వచ్చిన కథ ఇంట్లోనే ఉండిపోయింది. గడప దాటి నలుగురిలోకి రాలేకపోయింది. ఆ గడప ఎవరు కట్టారో, దాన్ని దాటించడం మన హక్కుల సమస్య ఎందుకయిందో చర్చించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సినిమా హాలు స్త్రీలను సమానంగా ఆదరించిందని ఎవరూ అనలేరు. ఎవరితో వెళ్లాలి, ఏ ఆటకు వెళ్లాలి, ఎన్ని గంటలకు ఇల్లు చేరాలి అనేవన్నీ ఇంట్లో మగవాళ్లు నిర్ణయించినవే. అయినా అక్కడ నేల టికెట్టుకు కూడా ఒక చోటు ఉండేది. ఊళ్లో ఉన్న ఒకే హాలులో కూలికి వెళ్లే మనిషీ, పంతులమ్మా ఒకే కథ చూసేవాళ్లు. మర్నాడు కుళాయి దగ్గరో, బస్సులోనో దాని గురించి వాదించుకునేవాళ్లు. 1997లో ఢిల్లీలో మొదలైన మల్టీప్లెక్సులు హిందీ సినిమా ఆర్థిక స్వరూపాన్నే మార్చేశాయి. టికెట్టు ధర పెరిగింది. చిన్న పట్టణాల్లో పాత హాళ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. శుక్ర, శని, ఆదివారాల వసూళ్లే సినిమా తలరాతను నిర్ణయించడం మొదలైంది. ఆ మూడు రోజుల్లో హాలు నింపగలిగేవాడు హీరో అనే నమ్మకం వ్యాపారంలో స్థిరపడింది. కథలో స్త్రీకి మిగిలింది అతని పక్కన కాస్తంత చోటు.

2019లో వచ్చిన ‘కబీర్ సింగ్’, 2023 డిసెంబరులో వచ్చిన ‘యానిమల్’ ఈ ధోరణికి పరాకాష్ఠ. ఆడమనిషి ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా ఆమె తనదని ప్రకటించుకునేవాడు మొదటి సినిమాకు ప్రేమికుడు. మగతనానికి హింసే కొలమానం రెండో సినిమాలో. ‘యానిమల్’ ప్రపంచవ్యాప్తంగా 900 కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసింది. ఈ రెండు చిత్రాల దర్శకుడు సందీప్ రెడ్డి వంగా తెలుగువాడు. ‘కబీర్ సింగ్’ 2017 నాటి ‘అర్జున్ రెడ్డి’కి హిందీ రూపం. కనుక అదేదో ముంబయి వాళ్ల గొడవ అని మనం చేతులు దులుపుకోవడానికి లేదు.

హాలుకు చేరడానికి ఇంకో అడ్డంకి సెన్సార్ బోర్డు. భోపాల్‌లో నలుగురు స్త్రీల కోరికల గురించి అలంకృతా శ్రీవాస్తవ తీసిన ‘లిప్‌స్టిక్ అండర్ మై బురఖా’కు 2017 జనవరిలో బోర్డు సర్టిఫికేట్ నిరాకరించింది. కారణాల్లో మొదటిది ఆ కథ ‘లేడీ ఓరియెంటెడ్’ కావడం! స్త్రీల గురించిన కథ కావడమే నేరమని ఒక ప్రభుత్వ సంస్థ కాగితం మీద రాసి ఇచ్చింది. దర్శకురాలు అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ట్రిబ్యునల్ ఏప్రిల్‌లో ‘ఎ’ సర్టిఫికేట్ ఇమ్మని ఆదేశించింది. జులైలో సినిమా విడుదలైంది. ఈ ఉదంతంలో ఉత్తరువు ఉంది, దాని మీద సంతకం ఉంది, అప్పీలుకు ఒక చోటు ఉంది, పత్రికల్లో చర్చకు ఆధారం ఉంది. ఈ నాలుగూ గుర్తుంచుకోవాలి. ముందు ముందు వీటితో పని ఉంది.

సరిగ్గా ఈ కాలంలోనే ఓటీటీ వచ్చింది. 2016 జనవరిలో నెట్‌ఫ్లిక్స్, డిసెంబరులో అమెజాన్ ప్రైమ్ వీడియో మన దేశంలో అడుగుపెట్టాయి. మధ్యలో, సెప్టెంబరులో, జియో రావడంతో ఇంటర్నెట్ చవకయింది. ఓటీటీకి సెన్సార్ సర్టిఫికేట్ అక్కర్లేదు. మూడు రోజుల్లో హాలు నింపే పనీ లేదు. నెల నెలా చందా కట్టే ప్రతి మనిషికీ తనకు నచ్చేది ఏదో ఒకటి దొరికితే చాలు. ఈ వ్యాపార సూత్రం వల్ల హిందీ సినిమా చరిత్రలో స్త్రీ ప్రేక్షకురాలికి ఒక కొత్త విలువ వచ్చింది.

దాని ఫలితాలు మన కళ్ల ముందే ఉన్నాయి. 2018లో వచ్చిన ‘లస్ట్ స్టోరీస్’లో జోయా అఖ్తర్ తీసిన భాగం చూడండి. యజమానితో సంబంధం ఉన్న పనిమనిషి, అతని పెళ్లి మాటలకు వచ్చినవాళ్లకు తనే టీ అందించవలసి వస్తుంది. పెద్ద మాటలేవీ లేకుండానే వర్గమూ లైంగికతా ఒకదానితో ఒకటి ఎలా పెనవేసుకున్నాయో అది చెప్పింది. 2012 ఢిల్లీ అత్యాచారం కేసు దర్యాప్తును చూపిన ‘ఢిల్లీ క్రైమ్’ 2019లో వచ్చి, మరుసటి ఏడాది అంతర్జాతీయ ఎమ్మీ పురస్కారం పొందింది. 2020 లాక్‌డౌన్‌లో హాళ్లు మూతపడినప్పుడు అన్వితా దత్ తీసిన ‘బుల్‌బుల్’ బాల్యవివాహాన్నీ, జమీందారీ ఇంటి హింసనూ ఒక దయ్యం కథగా చెప్పింది. 2022లో జస్మీత్ కె. రీన్ తీసిన ‘డార్లింగ్స్’ తాగి కొట్టే భర్తనూ, రేపు మారతాడులే అని నమ్ముతూ వచ్చే భార్యనూ చూపింది. 2025 ఫిబ్రవరిలో జీ5లో వచ్చిన ఆరతీ కడవ్ చిత్రం ‘మిసెస్’ పూర్తిగా వంటింటి కథ. పచ్చడి మిక్సీలో వేస్తే ఒప్పుకోని, సన్నికల్లు మీద నూరి తీరాలనే మామగారిని చూసి ఎందరో స్త్రీలు అది తమ ఇల్లేనన్నారు. దానికి మూలమైన మలయాళ చిత్రాన్ని 2021లో పెద్ద ఓటీటీ సంస్థలు మొదట కాదన్నాయి. చిన్న సంస్థ ఒకటి విడుదల చేసి, జనం ఆదరించాకనే పెద్దవాళ్లు తలుపు తీశారు. ఓటీటీ తలుపులు కూడా స్త్రీల కోసం వాటంతట అవే తెరుచుకోలేదన్నమాట.

ఒంటరిగా చూడగలగడాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. ఈలల మధ్య, వ్యాఖ్యల మధ్య చూడలేని దృశ్యాన్ని అందరూ పడుకున్నాక తన గదిలో, తన సమయంలో చూసుకోవడం చాలామంది స్త్రీలకు మొదటిసారి దొరికిన వెసులుబాటు. తనలో తను ఒప్పుకోవడానికి కూడా భయపడే కోరికకో, కోపానికో తెర మీద ఒక రూపం కనబడితే అది చిన్న విషయం కాదు. అయితే ఈ వెసులుబాటు ఎవరికి దొరికింది, ఎంతవరకు దొరికింది అని అడగకుండా సంబరపడటం మధ్యతరగతి స్త్రీల అనుభవాన్నే స్త్రీలందరి అనుభవంగా చెప్పడమవుతుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు 33 శాతం. పురుషులలో 57 శాతం. గ్రామీణ స్త్రీలలో ఇది నాలుగో వంతుకు కూడా చేరలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కాని ఇంట్లో మంచి ఫోను ఎవరి చేతిలో ఉంటుంది, చందా ఎవరి పేరు మీద ఉంటుంది, టీవీ ముందు రిమోట్ ఎవరి దగ్గర ఉంటుంది అనేవి సర్వేలు లేకుండానే మనకు తెలిసిన విషయాలు. ‘మిసెస్’ కథ ఎవరికైతే అవసరమో ఆమె, రాత్రి గిన్నెలు తోమేసరికి ఆ ఇంటి టీవీలో వేరే ఏదో నడుస్తూ ఉంటుంది.

పైగా ఓటీటీ సంస్థ స్త్రీని గుర్తించింది వినియోగదారుగా, పౌరురాలిగా కాదు. ‘డార్లింగ్స్’ ఉన్న నెట్‌ఫ్లిక్స్‌లోనే 2024 జనవరి 26న ‘యానిమల్’ కూడా వచ్చింది. కొట్టే మగవాడి మీద కోపం ఒకరికి, కొట్టే మగవాడి మీద మోజు ఇంకొకరికి అమ్ముడవుతాయి. మార్కెట్‌కు రెండూ సరుకే. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. మార్కెట్ ఇచ్చినదాన్ని హక్కు అని పొరబడితేనే ప్రమాదం.

ఇక గడప విషయానికొద్దాం. ఒక మండలంలో పనిచేసే స్త్రీల సంఘం గృహహింస మీద శిక్షణ పెట్టుకుంది. ‘డార్లింగ్స్’ లాంటి సినిమా ఒకటి చూపించి చర్చ జరపాలనుకుంది. ఈ పని చట్టబద్ధంగా చేయడం దాదాపు అసాధ్యం. ఓటీటీ చందా షరతుల ప్రకారం అది వ్యక్తిగతంగా, ఇంటివాళ్లతో కలిసి చూడటానికే. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం నలుగురికీ ప్రదర్శించే సినిమాకు సర్టిఫికేట్ ఉండాలి. సర్టిఫికేట్ లేకుండా నేరుగా ఓటీటీకి వెళ్లిన చిత్రాన్ని కమ్యూనిటీ హాలులో వేస్తే చట్టం ఒప్పుకోదు. ఇంట్లో చూడవచ్చు, బయట కలిసి చూడకూడదు. ఇంటి నాలుగు గోడల మధ్య బందీ అయిన స్త్రీ కథ కూడా ఆ నాలుగు గోడల మధ్యే బందీ అయింది.

కలిసి చూడటం ఎందుకంత ముఖ్యం? దీనికి జవాబు కోసం మనం ముంబయి వెళ్లనక్కర్లేదు, నెల్లూరు జిల్లా దూబగుంట చాలు. తొంభైల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడికి వచ్చిన స్త్రీలు వాచకంలో ‘సీతమ్మ కథ’ చదివారు. అది సారాకు బలైన ఒక కుటుంబం కథ. ఆ బాధ వాళ్లకు కొత్తది కాదు, ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. కొత్తది ఏమిటంటే దాన్ని అందరూ ఒకచోట కూర్చుని, గట్టిగా చదివి, ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం. 1992లో ఆ ఊరి నుంచి లేచిన సారా వ్యతిరేకోద్యమం రాష్ట్రమంతా పాకి ప్రభుత్వాన్నే కదిలించింది. ఆ పాఠాన్ని ఎవరింట్లో వాళ్లు దీపం కింద ఒంటరిగా చదివి పక్కన పెట్టి ఉంటే ఏమై ఉండేది? ఏడ్చి ఉండేవాళ్లు. ఉద్యమం వచ్చి ఉండేది కాదు. నా బాధ నా ఒక్కదానిది కాదు అన్న ఎరుక కలిసి కూర్చున్నచోటే పుడుతుంది. ఓటీటీ మనకు కథను ఇచ్చి ఆ చోటును తీసేసింది.

గడప లోపల ఉన్నదానికి ఇంకో ప్రమాదం కూడా ఉంది. దాన్ని చప్పుడు లేకుండా తీసేయవచ్చు. 2021 జనవరిలో ‘తాండవ్’ సిరీస్ మీద మతభావాలు దెబ్బతిన్నాయంటూ పలు రాష్ట్రాల్లో కేసులు పెట్టారు. నిర్మాతలు క్షమాపణ చెప్పి దృశ్యాలు తొలగించారు. అయినా అమెజాన్‌లో భారతీయ చిత్రాల విభాగాన్ని చూస్తున్న అపర్ణా పురోహిత్‌కు అలహాబాద్ హైకోర్టు ఫిబ్రవరిలో ముందస్తు బెయిలు నిరాకరించింది. మార్చిలో సుప్రీంకోర్టు అరెస్టు నుంచి రక్షణ ఇచ్చింది. ఆ నెలలోనే అలంకృతా శ్రీవాస్తవ సిరీస్ ‘బాంబే బేగమ్స్’ను ఆపమని బాలల హక్కుల జాతీయ కమిషన్ నెట్‌ఫ్లిక్స్‌కు నోటీసు పంపింది. మధ్యలో, 2021 ఫిబ్రవరి 25న, ఓటీటీల మీద ఫిర్యాదులకు మూడంచెల వ్యవస్థను కేంద్రం నియమాలుగా ప్రకటించింది. ఏప్రిల్‌లో, 2017లో ‘లిప్‌స్టిక్’ను కాపాడిన ఆ అప్పిలేట్ ట్రిబ్యునల్‌నే ఆర్డినెన్సుతో రద్దు చేసింది. ఇప్పుడు బోర్డు కాదంటే హైకోర్టుకు వెళ్లడమే దారి. చిన్న నిర్మాతకు, అందునా స్త్రీకి, ఆ ఖర్చూ ఆ కాలయాపనా తట్టుకోవడం మాటలు కాదు.

అప్పటినుంచి జరుగుతున్నది నిషేధం కాదు, ముందే వెనక్కి తగ్గడం. ఒక కశ్మీరీ ముస్లిం కుటుంబం మూడు తరాల కథగా దిబాకర్ బెనర్జీ నెట్‌ఫ్లిక్స్ కోసమే తీసిన ‘టీస్’ను ఆ సంస్థే విడుదల చేయలేదు. సంధ్యా సూరి తీసిన ‘సంతోష్’ సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. భర్త చనిపోతే అతని కానిస్టేబుల్ ఉద్యోగంలో చేరిన స్త్రీ, ఒక దళిత బాలిక అత్యాచారం, హత్య కేసులో పోలీసు వ్యవస్థ నిజస్వరూపాన్ని చూడటం దాని కథ. 2024లో కాన్ చిత్రోత్సవంలో ప్రదర్శించారు. బ్రిటన్ ఆస్కార్‌కు పంపింది. 2025 మార్చిలో మన సెన్సార్ బోర్డు కాదంది. అక్టోబరు 17న ఓటీటీలో వస్తుందని ప్రకటించారు, చివరి క్షణంలో అదీ ఆగిపోయింది. చట్టప్రకారం ఓటీటీకి సర్టిఫికేట్ అక్కర్లేకపోయినా! ‘లిప్‌స్టిక్’ అప్పుడు మనకు ఉన్న నాలుగింటిని గుర్తు చేసుకోండి. ఓటీటీ సంస్థే వెనక్కి తగ్గితే ఉత్తరువు ఉండదు, సంతకం ఉండదు, అప్పీలు ఉండదు, చర్చకు ఆధారమూ ఉండదు. ఎవరి మీద పోరాడాలో కూడా తెలియకుండా పోతుంది.

ఇక్కడ స్త్రీల సంఘాలు తమను తాము కూడా ఒక ప్రశ్న వేసుకోవాలి. అశ్లీల పోస్టర్ల మీద, స్త్రీలను కించపరిచే సినిమాల మీద పోరాడిన చరిత్ర మనకుంది. దానికి సిగ్గుపడనక్కర్లేదు. 2025 జులైలో అశ్లీలత పేరిట 25 ఓటీటీ యాప్‌లను కేంద్రం నిలిపివేసినప్పుడు మనలో చాలామందికి బాధ కలగలేదు. అయితే ఫిర్యాదు అనే ఆయుధం ఇవాళ ఎవరి చేతిలో ఎక్కువగా ఉందో చూడాలి. ‘మిసెస్’ వచ్చినప్పుడు పురుషుల హక్కుల కోసమని చెప్పుకునే ఒక సంఘం, ఇంటి పని చేయడంలో అణచివేత ఏముందని అభ్యంతరం చెప్పింది. మనం ‘తీసేయండి’ అని అడిగి బలపరిచిన ప్రతి అధికారమూ రేపు ‘సంతోష్’ మీద ప్రయోగించడానికి సిద్ధంగా ఉంటుంది. విమర్శించడం, చర్చకు పెట్టడం, ఎదురు కథ చెప్పడం మన పద్ధతులు కావాలి.

మార్కెట్ గాలి కూడా మారింది. లాక్‌డౌన్ నాడు సినిమాలను ఎగబడి కొన్న సంస్థలు ఇప్పుడు ముందు హాలులో ఆడించుకు రమ్మంటున్నాయని నిర్మాతలు చెబుతున్నారు. 2024 నవంబరులో రిలయన్స్, డిస్నీ వ్యాపారాలు కలిసిపోయి మరుసటి ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్ అయ్యాయి. అంటే అమ్మకందారుకు తలుపుల సంఖ్య తగ్గింది. 2025 జూన్ నుంచి ప్రైమ్ వీడియో చందా కట్టినవాళ్లకు కూడా ప్రకటనలు చూపిస్తోంది. ప్రకటనదారు వచ్చిన చోటికి, ఎవరినీ నొప్పించని కథ కావాలనే ఒత్తిడి వెంటే వస్తుంది. కిరణ్ రావ్ తీసిన ‘లాపతా లేడీస్’ 2024 మార్చిలో హాళ్లలో విడుదలై, ఏప్రిల్ చివర నెట్‌ఫ్లిక్స్‌కు వచ్చాక ఇంటింటి పేరయింది. హాలూ ఓటీటీ రెండూ ఉంటే ఎంత మేలో చెప్పడానికి అదే ఉదాహరణ. కాని వెనుక ఆమిర్ ఖాన్ వంటి నిర్మాత లేని దర్శకురాలికి హాలు ఎవరిస్తారు?

కథలో స్త్రీ గురించి మాట్లాడి, కథ తీసే చోట స్త్రీని మరిచిపోకూడదు. 2018 అక్టోబరులో మీటూ సమయంలో పదకొండుమంది దర్శకురాళ్లు నేరం రుజువైన వారితో పనిచేయబోమని బహిరంగంగా ప్రకటించారు. వారిలో పలువురు ఓటీటీకి పనిచేసినవారే. ఓటీటీలో పని ఒకరి నుంచి ఒకరికి కాంట్రాక్టుగా మారుతుంది. దుస్తులు, మేకప్, ఎడిటింగ్ సహాయకులుగా ఉన్న అమ్మాయిలకు తమ యజమాని ఎవరో, 2013 చట్టం కింద ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో తెలియని స్థితి ఉంటుంది. కేరళలో హేమ కమిటీ నివేదిక 2019 చివర ప్రభుత్వానికి చేరితే 2024 ఆగస్టులో గాని బయటికి రాలేదు. తెలుగు పరిశ్రమ మీద తెలంగాణ ప్రభుత్వం నియమించిన ఉపసంఘం నివేదికను బయటపెట్టమని సమంత అప్పుడే అడగవలసి వచ్చింది.

మరి మనం అడగవలసింది ఏమిటి? చిత్రాన్ని ఓటీటీ నుంచి తొలగించినా, కోసినా, విడుదల ఆపినా ఎవరి ఫిర్యాదు మీద, ఏ కారణంతో అన్నది బహిరంగంగా ప్రకటించాలి. రద్దు చేసిన ట్రిబ్యునల్ స్థానంలో తక్కువ ఖర్చుతో అప్పీలు చేసుకునే స్వతంత్ర వ్యవస్థ కావాలి. అందులో సగం మంది స్త్రీలు ఉండాలి. స్త్రీల సంఘాలు, గ్రంథాలయాలు, కాలేజీలు డబ్బు వసూలు చేయకుండా చూపించుకునేందుకు సులువైన సామూహిక ప్రదర్శన అనుమతిని చట్టంలోనూ, చందా షరతుల్లోనూ చేర్చాలి. మహిళా దర్శకులకు కేరళ ప్రభుత్వ చలనచిత్ర అభివృద్ధి సంస్థ పెట్టుబడి పెడుతోంది. 2024 మార్చిలో ‘సీ స్పేస్’ పేరుతో ఆ రాష్ట్రం సొంత ఓటీటీ తెచ్చింది. ప్రసారభారతి అదే ఏడాది నవంబరులో ‘వేవ్స్’ ప్రారంభించింది. మన రెండు రాష్ట్రాల్లోనూ చలనచిత్ర అభివృద్ధి సంస్థలున్నాయి. అవి స్త్రీల కోసం ఏం చేశాయో లెక్క చెప్పమనాలి. ప్రతి చిత్రీకరణకూ ఫిర్యాదుల కమిటీ ఉండాలని, దానికి చివరి బాధ్యత డబ్బు పెట్టే సంస్థదేనని ఒప్పందాల్లో రాయించాలి.

ఇవన్నీ పెద్ద కోరికల్లా కనిపించవచ్చు. సామూహిక ప్రదర్శన అనుమతి ఒక్కదానితో మొదలుపెట్టినా చాలు. అది మన పనికి నేరుగా పనికొచ్చే కోరిక. ఒక ఉమ్మడి లేఖ రాసి, కేంద్ర సమాచార శాఖకూ, ఓటీటీ సంస్థలకూ, రాష్ట్ర మహిళా కమిషన్లకూ పంపవచ్చు. మన సంఘాలు ఏ సినిమా ఎవరికి చూపాలనుకుంటున్నాయో, ఎందుకు చూపలేకపోతున్నాయో అందులో రాయవచ్చు. వంటింటి కథ తెర మీదికి రావడానికి ఇన్నేళ్లు పట్టింది. అది మళ్లీ వంటింట్లోనే ఆగిపోకుండా చూడటం సినిమావాళ్ల పని మాత్రమే కాదు, మనది కూడా.